చర్చిలో లేదంటాం, కోర్టులో ఉందంటాం
తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కథోలిక పీఠాధిపతులకు, దక్షిణ ఇండియా సంఘం బిషప్పులకు, లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, మెన్నోనైట్ సంఘాల అధ్యక్షులకు, ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘాల పాస్టర్లకు వందనాలు.

నేను ప్రకాశం జిల్లాలో బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగిన మాదిగను. సంఘంలో నాకు పదవి లేదు, ఏ కమిటీలోనూ పేరు లేదు. బోధలోనూ ఆరాధనలోనూ మీకు ఒకరితో ఒకరికి పొసగని సంగతులు చాలా ఉన్నాయని తెలిసే మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఎందుకంటే ఒక్క విషయంలో మీరంతా కలిసి నడుస్తున్నారు. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని ఏటా ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంటున్నారు. కలెక్టరేట్ల ముందు కూర్చుంటున్నారు, ఢిల్లీకి వినతిపత్రాలు పంపుతున్నారు. ఆ కోరిక న్యాయమైనది. అందులో నాకు రవ్వంత సందేహం కూడా లేదు.

నా ఫిర్యాదు వేరు. ధర్నా రోజున "మతం మారినా కులం పోలేదు" అని నినాదాలిస్తాం. ఆదివారం నాడు అదే నోటితో "క్రీస్తులో కులం లేదు, మన సంఘంలో అసలే లేదు" అని ప్రసంగిస్తాం. మొదటి మాటకు సాక్ష్యం తెమ్మని దేశపు అత్యున్నత న్యాయస్థానం నలభై ఏళ్ల కిందటే అడిగింది. ఆ సాక్ష్యం మీ ఆఫీసు బీరువాల్లో ఉంది. దాన్ని అక్కడే ఉంచి తాళం వేసి రెండో మాటనే లోకానికి వినిపిస్తున్నారు. ప్రభుత్వం ఆ రెండో మాటనే తీసుకుని మన మీద వాదిస్తోంది.

చట్టం సంగతి ముందు చెప్పుకుందాం. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులాలవారిగా పరిగణించకూడదని దాని సారం. 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం ఆ పేరాను సవరించారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. తెలుగు నేల మీద దాని ఫలితం ఏమిటో మన పల్లెల్లో చదువుకున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. మాల, మాదిగ కుటుంబం క్రైస్తవులమని రాయించుకుంటే బీసీ-సీ కిందికి పోతుంది. అక్కడ రిజర్వేషను ఒక్క శాతం. శాసనసభలో, లోక్‌సభలో రిజర్వుడు సీటుకు నిలబడే హక్కు పోతుంది. అత్యాచారాల నిరోధక చట్టం అండ కూడా పోతుంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1977లో జీవో 341 ద్వారా, చట్టంతో ముడిపడని కొన్ని సౌకర్యాలను మతం మారిన ఎస్సీలకూ ఇచ్చింది. జాబితాను మార్చే అధికారం పార్లమెంటుది కాబట్టి రాష్ట్రాలు అంతకు మించి పెద్దగా చేయలేవు. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసి ఊరుకోవాల్సి వచ్చింది.

జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ మూడో పేరాను పూర్తిగా తీసేయమని సిఫారసు చేసింది. ఆ నివేదిక పార్లమెంటు ముందుకు రావడానికే 2009 డిసెంబరు దాకా పట్టింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్లు నడుస్తున్నాయి. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం మళ్లీ ఒక కమిషన్ వేసింది. కమిషన్ల వెనుక కమిషన్లు వస్తున్నాయి. ప్రతి కమిషన్ ముందూ మనం అదే వినతిపత్రం తేదీ మార్చి ఇస్తున్నాం.

ఈ మొత్తం చరిత్రలో మన ప్రసంగాల్లో ఎప్పుడూ వినపడని పేరు ఒకటుంది: సూసై. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకుని బతికిన ఆది ద్రావిడుడు, క్రైస్తవుడు. చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు పంచినప్పుడు, క్రైస్తవుడన్న కారణంగా అతనికి ఇవ్వలేదు. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1985 సెప్టెంబరు 30న ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడన్నదే మనకు ముఖ్యం. మతం మారగానే కులం మాయమైపోతుందని కోర్టు తేల్చలేదు. మారిన తర్వాత కూడా కులం కొనసాగవచ్చు, కానీ ఆ మాట చెబితే చాలదంది. హిందూ సమాజంలో ఆ కులం ఎంత అణచివేతకు గురైందో, క్రైస్తవంలోకి వచ్చాక కూడా అంత తీవ్రమైన స్థితిలోనే ఉందని ప్రామాణికమైన, ఇప్పటి కాలపు ఆధారాలతో చూపించాలంది. సూసై చూపించలేకపోయాడు.

ఎలా చూపిస్తాడు? సంఘంలో పెళ్లిళ్లు ఎవరెవరికి జరిగాయో రాసిన రిజిస్టరు అతని దగ్గర లేదు. సమాధుల తోటలో ఎవరిని ఏ మూల పూడ్చిపెట్టారో తెలిపే పటం అతని దగ్గర లేదు. ఏ విచారణకు (పారిష్‌కు) ఏ కులపు గురువును పంపాలో, ఎవరిని పంపకూడదో పెద్దలు రాసుకున్న ఉత్తరాలు అతని దగ్గర లేవు. ఇవన్నీ సంఘం దగ్గరున్న కాగితాలు. చెప్పులు కుట్టే మనిషి కోర్టులో ఒంటరిగా నిలబడితే ఆ కాగితాలున్నవాళ్లు పక్కన లేరు.

సూసై తర్వాత కొంత మారింది. 2008లో జాతీయ మైనారిటీల కమిషన్ కోసం సతీశ్ దేశ్‌పాండే బృందం ఇచ్చిన నివేదిక, క్రైస్తవ, ముస్లిం దళితుల స్థితి మిగతా దళితుల స్థితికి భిన్నంగా లేదని పరిశోధనల ఆధారంగా వివరించింది. అయినా 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో కేంద్రం 1950 ఉత్తర్వును సమర్థించింది. క్రైస్తవ, ముస్లిం సమాజాల్లో అలాంటి అణచివేత ఎన్నడూ లేదని చారిత్రక సమాచారం చెబుతోందంది. ఇక 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు మన ఇంటి ముందుకే వచ్చింది. పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి, తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పెట్టిన కేసును కోర్టు కొట్టేసింది. క్రైస్తవంలో కులానికి చోటు లేదు గనుక మతం మారినవాడికి ఎస్సీ హోదా ఉండదని, చేతిలో కుల ధ్రువీకరణ పత్రం ఉన్నా ఆ చట్టం అండ దొరకదని చెప్పింది.

ఆ వార్త చదివి మనవాళ్లు చాలామంది మండిపడ్డారు. నాకు మాత్రం అందులో ఏ మాటా కొత్తగా వినపడలేదు. మన ప్రసంగ వేదికల మీద చిన్నప్పటినుంచీ విన్నవే. మనం గొప్పగా చెప్పుకున్న మాటను న్యాయమూర్తి నిజమనుకుని తీర్పులో రాశారు. తప్పు పట్టాలంటే ముందు మనల్ని మనం పట్టుకోవాలి.

మన పెద్దలు బాప్తిస్మపు నీళ్లలోకి ఎందుకు దిగారో ఒకసారి గుర్తుచేసుకోండి. 1866లో తోళ్ల వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఒంగోలులో మిషనరీ క్లౌ దొర దగ్గరికి పై కులాలవాళ్లు కూడా ఆసక్తితో వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వాళ్లు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ బైబిలు తెరిస్తే, జ్ఞానులనూ ఘనులనూ దేవుడు ఎక్కువమందిని పిలవలేదన్న కొరింథీ పత్రిక భాగం కనబడింది. వేరే గదిలో ఉన్న ఆయన భార్యకూ అదే భాగం కనబడిందని మిషను చరిత్ర చెబుతుంది. ఆయన మాదిగల పక్షాన నిలిచాడు. పై కులాలవాళ్లు వెళ్లిపోయారు. తెలుగు బాప్టిస్టు సంఘం పుట్టుకే కులం విషయంలో తీసుకున్న ఒక నిర్ణయం మీద జరిగింది.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ కరువు నెలల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం క్రైస్తవులని మనల్ని ఎగతాళి చేసేవాళ్లకు ఈ చరిత్ర ఒక్కటే చాలు. ఆ జనం అడిగింది మనిషిగా చూడమని. చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, ఆదివారం వెట్టికి పోమన్నారు, పిల్లలను బడికి పంపారు. అందుకు ఊళ్లో దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు.

అంతవరకు మారింది. మారనిదీ ఉంది. ఇల్లు పల్లెలోనే, పొలం ఆసామిదే, కూలి ఆయన చెప్పిందే. చెరువు నీళ్ల దగ్గర మనిషి విలువ పాతదే. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినప్పుడు, చనిపోయినవాళ్లలో మోషే లాంటి బైబిలు పేర్లవాళ్లున్నారు. గొడ్డళ్లు పట్టుకు తరిమినవాళ్లు నువ్వు ఏ సంఘం, ఏ మిషను అని అడగలేదు. సూసై ఓడిపోయింది కూడా ఆ సంవత్సరమే, కారంచేడు జరిగిన రెండున్నర నెలలకు. ఒక పక్క ఊరు మన కులాన్ని మరిచిపోలేదని నెత్తురుతో రుజువవుతుంటే, మరో పక్క కోర్టు రుజువేదని అడిగింది.

అంతకు ముందు తరంలో వినుకొండలో పుట్టిన కవి జాషువా గారి సంగతీ తెలిసిందే. క్రైస్తవ ఇంట్లో పుట్టినా ఊరు ఆయన్ను అంటరానివాడిగానే చూసింది. క్రైస్తవుడికి పురాణాలెందుకని మనవాళ్లే కొందరు ఆయన మీద విరుచుకుపడ్డారు. 1941లో వచ్చిన గబ్బిలం కావ్యంలో కబురు పంపింది కాశీలోని శివుడికి. ఆ కబురు అందుకోవాల్సినవాళ్లలో మన సంఘాలూ ఉన్నాయని మనం గుర్తించలేదు.

ఇక మన లోపలి సంగతి. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్విటు గురువులు కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమకు వచ్చినప్పుడు కాషాయం కట్టి, శాకాహారులై, పై కులాల మధ్య సన్యాసుల్లా తిరిగారు. రెడ్లు కథోలికులైంది ఆ రోజుల్లోనే. పై కులాల దృష్టిలో మైలపడకూడదని అంటరాని కులాల ఇళ్ల గడప తొక్కకుండా ఉండటం ఆ పద్ధతిలో భాగం. ఈ పద్ధతి మీద రోమ్ దాకా పోయిన తగువు 1744లో పోపు బెనెడిక్టు ఆజ్ఞతో ముగిసింది. ఎలా ముగిసింది? అంటరానివాళ్ల కోసం వేరే గురువులను కేటాయించే ఏర్పాటుతో. అంటే గురుపీఠం దగ్గరే రెండు వరుసలు. ప్రొటెస్టెంటు మిషన్లు వచ్చాక 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘాల్లో కులభేదాలు వెంటనే మానాలని లేఖ రాస్తే, తంజావూరు ప్రాంతంలో చాలామంది కుల క్రైస్తవులు సంఘమే వదిలి పోయారు.

అటు తమిళనాడులో తిరుచ్చి మేలపుదూరు సమాధుల తోటలో దళిత క్రైస్తవులను వేరుచేస్తూ నిలబెట్టిన గోడ మీద పోరాటాలు జరిగాయి. 2008లో విల్లుపురం జిల్లా ఎరైయూరులో దళితులు తమకు వేరే విచారణ కావాలని పట్టుబడితే ఘర్షణ రేగి పోలీసు కాల్పుల దాకా పోయింది. 2003లో పోపు రెండో జాన్ పాల్ తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ, క్రైస్తవుల మధ్య కులవివక్ష సంఘ స్వభావానికే విరుద్ధమని హెచ్చరించారు. 2016 డిసెంబరులో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య తానే దళిత సాధికారత విధానం అని ఒక పత్రం ప్రకటించింది. అంటరానితనం, వివక్ష సంఘంలో ఉన్నాయని, నాయకత్వంలో దళితుల సంఖ్య బహు తక్కువని అందులో ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి. ఆ పత్రాన్ని తెలుగు విచారణల్లో ఎన్ని ఆదివారాలు చదివి వినిపించారు?

తమిళనాడు గోడలను చూపించి మన దగ్గర అలాంటివి లేవనకండి. మన గోడలు ఇటుకలతో కట్టినవి కావు, అంతే. ఒకే ఊళ్లో మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి. ఒకే మిషను, ఒకే పాటల పుస్తకం, క్రిస్మస్‌కు రెండు పందిళ్లు. సంఘ ఎన్నికలు వస్తే మాల ప్యానెలు, మాదిగ ప్యానెలు. రెడ్డి కథోలికులకు, కమ్మ కథోలికులకు సంబంధాలు వాళ్ల కులంలోనే దొరుకుతాయి. ఆ కులంలో క్రైస్తవ సంబంధం దొరక్కపోతే హిందూ సంబంధానికైనా పోతారు గానీ, పక్క బల్ల మీద కూర్చుని దివ్యసత్ప్రసాదం తీసుకునే దళిత ఇంటికి రారు. క్రైస్తవ వివాహ పరిచయ ప్రకటనలు చూడండి: విశ్వాసం ఒక వాక్యంలో ఉంటే, కులం దాని పక్క వాక్యంలోనే ఉంటుంది.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాదుకు అగ్రపీఠాధిపతి అయినప్పుడు పండుగ చేసుకున్నట్టే అప్పుడూ చేసుకున్నాం. నేనూ సంతోషించాను. కానీ తెలుగు కథోలిక జనంలో అత్యధికులు దళితులైనప్పుడు ఆ రోజు రావడానికి ఇన్ని తరాలు ఎందుకు ఆలస్యమైంది? ఆ ఆలస్యమే కోర్టు అడుగుతున్న ఆధారాల్లో ఒకటి. దాని లెక్క మీ దగ్గరుంది: ఏ సంవత్సరం ఎవరు గురువయ్యారు, ఎవరిని ఏ విచారణకు పంపారు, ఎవరు పాఠశాల కరెస్పాండెంటు అయ్యారు, ఎవరు ఎక్కడ ఆగిపోయారు.

ఈ చట్టం, మన మౌనం కలిసి సంఘానికి చేసిన నష్టం జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు నాలుగు శాతం పైన ఉన్నారు. 1981కి అది 2.68 శాతమైంది. 2011కి 1.34 శాతానికి దిగింది. ఈ నలభై ఏళ్లలో చర్చిలు తగ్గాయా? ప్రతి పల్లెలో కొత్త మందిరాలు లేచాయి. మనుషులు ఎక్కడికీ పోలేదు, కాగితం మీద మాయమయ్యారు. చర్చిలో ఒక పేరు, రికార్డులో ఒక పేరు. ఆదివారం ఒక మతం, తహశీల్దారు ఆఫీసులో ఇంకో మతం. పిల్లవాడి సీటు కోసం, ఉద్యోగం కోసం తల్లిదండ్రులు చేసే ఈ పనిని మోసమని పిలిచే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. ఊరు తన కులాన్ని ఒక్క రోజు కూడా మరిచిపోనివ్వని మనిషి, ఆ కులం పేరు మీద దక్కేదాన్ని వదులుకోవాలనడం దౌర్జన్యం. అయినా ఆ దాపరికం భారం మనిషి మనసు మీద పడుతుంది. విశ్వాసాన్ని బయటికి చెప్పుకోలేని విశ్వాసిగా బతకడం ఎంత కష్టమో మీ ముందు మోకరించే జనాన్ని అడిగితే చెబుతారు.

గుంటూరు మెడికల్ కాలేజీ కేసు మీకు గుర్తుండాలి. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టిన ఒక విద్యార్థి హిందూ మతంలోకి తిరిగి వచ్చి ఎస్సీ సీటు కోరాడు. 1976లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అతని పక్షాన నిలిచింది. కులంవాళ్లు తమలో ఒకడిగా ఒప్పుకుంటే, మతం మారి వచ్చినవాడు ఆ కులంవాడే అవుతాడంది. దీని అర్థం ఏమిటి? తల్లిదండ్రుల తరమంతా క్రైస్తవంలో గడిచినా, ఆ కులం అతని కోసం అక్కడే ఎదురుచూస్తూ ఉంది. చట్టం ఒక చేత్తో బాప్తిస్మంతో కులం పోయిందంటుంది, ఇంకో చేత్తో తిరిగి వస్తే కులం సిద్ధంగా ఉందంటుంది. ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపగల బలమైన వాదన ఇది. దాన్ని బతికించాలంటే లోపలి సాక్ష్యం కావాలి.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. ఇంటిగుట్టు బయటపెడితే మనమంటే గిట్టనివాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టు కాదా అంటారు. మన గుట్టు వాళ్లకు తెలియనిదా? ఊళ్లో ఏ చర్చి ఎవరిదో టీ కొట్టువాడు కూడా చెబుతాడు. మనం దాస్తున్నది మనకు ఉపయోగపడే కోర్టు దగ్గర మాత్రమే. ఇక దేవుని దృష్టిలో అందరూ సమానమే గదా, ఆ మాట వదులుకోవాలా అంటారు. వదులుకోనక్కరలేదు. సువార్తలో కులం లేదు, సంఘంలో ఉంది అని నిజం చెప్పండి. ఆ రెండింటి మధ్య దూరమే మన పాపం. దాన్ని తగ్గించడమే మీ పని.

మూడో అభ్యంతరం మీది కాదు, హిందూ దళిత సోదరులది. దాన్ని మీరు తేలికగా తీసుకుంటున్నారు. ఉన్న వాటాలోకి క్రైస్తవులూ వస్తే తమకు తగ్గుతుందని, మిషను బడులూ ఆసుపత్రులూ ఉన్న క్రైస్తవులకు ఇంకా ఎందుకని వాళ్లు అడుగుతున్నారు. ఆ భయం అబద్ధం కాదు. ఒకే ఇంట్లో అన్న రికార్డుల్లో హిందువు, తమ్ముడు క్రైస్తవుడుగా ఉన్న పల్లెల్లో ఈ తగువు అన్నదమ్ముల మధ్యకే వస్తుంది. పైగా ఎస్సీ వర్గీకరణ కోసం మూడు దశాబ్దాలు పోరాడిన మాదిగలకు, 2024 ఆగస్టు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇప్పుడిప్పుడే ఏదో చేతికొస్తోంది. వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా, వాటా పెంచాలని కలిసి అడగకుండా, ఒక్క క్రైస్తవుల ఊరేగింపుతో ఈ హోదా రాదు. వచ్చినా పల్లెలో నిలవదు.

అందుకే మిమ్మల్ని నాలుగు పనులు అడుగుతున్నాను. వీటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మొదటిది, రిజిస్టర్లు తెరవండి. ప్రతి మేత్రాసనం, ప్రతి డయోసిస్, ప్రతి సినడు తన దగ్గరున్న పెళ్లి రికార్డులను, సమాధుల రికార్డులను, పాస్టర్ల, గురువుల నియామకాలను, కమిటీల పేర్లను ముందేసుకుని, యాభై ఏళ్లలో కులం ఎలా పనిచేసిందో ఒక నివేదిక రాయాలి. మనుషుల పేర్లు తీసేయండి, లెక్కలు ఉంచండి. ఆ పని సంఘ పెద్దల బంధువుల చేతికి ఇవ్వకుండా, విశ్వవిద్యాలయాల్లో సమాజశాస్త్రం చదివిన మన పిల్లలకే అప్పగించండి. తయారైన నివేదికను సుప్రీంకోర్టుకు, కమిషన్‌కు, పార్లమెంటు సభ్యులకు ఇవ్వండి. తెలుగులో అచ్చువేసి ప్రతి చర్చి గుమ్మంలో పెట్టండి. సూసైని అడిగిన ప్రామాణిక ఆధారాలు ఇంతకంటే వేరే ఏముంటాయి?

రెండోది, సమాధుల తోటలు ఒకటి చేయండి. కులానికో మూల, కులానికో దొడ్డి ఎక్కడ ఉన్నా ఈ సంవత్సరంలోనే రద్దు చేయండి. ఒప్పుకోని సంఘానికి బిషప్పు సందర్శన ఉండదని, గురువును పంపమని చెప్పగలిగే అధికారం మీకుంది. పన్నుల దగ్గర, కానుకల దగ్గర వాడే ఆ అధికారాన్ని ఇక్కడ కూడా వాడండి.

మూడోది, మీ సంస్థల లెక్క చెప్పండి. రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీ సంస్థలుగా మీరు నడిపే బడుల్లో, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, నర్సింగ్ స్కూళ్లలో దళిత క్రైస్తవ పిల్లలకు ఎన్ని సీట్లిచ్చారు, ఎన్ని ఉద్యోగాలిచ్చారు, ఎంతమంది ప్రిన్సిపాల్సయ్యారు? ప్రభుత్వం ఇవ్వని రిజర్వేషను మీరే ఇవ్వొచ్చు. మిషను ఆస్తులు, ఆ బడులు, ఆ స్థలాలు వచ్చింది మాలల, మాదిగల పేరు చెప్పి విదేశాల్లో అడిగిన కానుకలతో. ఆ బడి ఫీజు కట్టలేక ఆ మాలల, మాదిగల పిల్లలే గేటు బయట ఉంటే ప్రభుత్వాన్ని ఏ ముఖంతో అడుగుతాం?

నాలుగోది, ఆడవాళ్లను ముందుకు పిలవండి. పల్లెల్లో సువార్త నిలిచింది బైబిలు స్త్రీల కాళ్ల మీద. దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాలకు పుష్పలలిత గారిని బిషప్పుగా నియమించి దేశానికి దారి చూపింది. ఆ ఒక్క పేరుతో ఆగకండి. నేను అడిగిన నివేదిక రాసే కమిటీల్లో సగం మంది పల్లెల నుంచి వచ్చిన స్త్రీలుండాలి. కులం పెళ్లిలో, చావులో, వంటింట్లో ఎలా పనిచేస్తుందో వాళ్లకు తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.

ఈ పనుల వల్ల రేపే మూడో పేరా పోతుందని నేను అనను. కోర్టులు, పార్లమెంటు తమ దారిన తాము పోవచ్చు. కానీ నిజం చెప్పి ఓడిపోయిన సంఘానికి రేపు మళ్లీ అడిగే హక్కు ఉంటుంది. అబద్ధం చెప్పి ఓడిపోయిన సంఘానికి అదీ ఉండదు. నల్ల బ్యాడ్జీల కన్నా బరువైన కాగితం మీ దగ్గరుంది. దాన్ని బయటికి తీయడానికి మీకు అడ్డం వస్తున్నది ప్రభుత్వం కాదు.

కాబట్టి మీ మేత్రాసనం, మీ డయోసిస్, మీ సినడు, మీ సంఘం తరఫున ఈ నాలుగింటిలో ఏవి చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో, ఏవి చేయరో, ఎందుకు చేయరో ఇదే పత్రికలో జవాబు రాయండి. మీ జవాబును మీ సంఘస్తులందరూ చదివేలా చూడండి.

ఇట్లు,
మీ సంఘంలో ఒకడు,
ప్రకాశం జిల్లా